నెత్తురు తీసేముందు మాట వినాలి

జన్యుశాస్త్రవేత్తల కంప్యూటర్లలో తెలుగువాళ్లకు మూడక్షరాల పేరొకటి ఉంది: ఐటీయూ. బ్రిటన్‌లో స్థిరపడిన భారతీయ తెలుగువారని దానర్థం. ‘వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టు’ 2015లో ప్రకటించిన తుది జాబితాలో 26 జనసముదాయాలకు చెందిన 2,504 మంది జన్యుపటాలు ఉన్నాయి. అందులో 102 మంది ఈ తెలుగువాళ్లే. దక్షిణాసియాకు మొత్తం ఐదు వరసలు దక్కితే ఒకటి మనకొచ్చింది. ఏ దేశంలో ఏ జబ్బు జన్యువుల లెక్క తీసినా, దక్షిణాసియావాళ్లతో పోల్చి చూడాల్సి వచ్చినప్పుడు ఈ వరస పరిశోధకుల ముందుకొస్తుంది.

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా వెళ్తే శబరి ఒడ్డున కోంటా వస్తుంది. మనవాళ్లు కుంట అంటారు. అక్కడితో ఛత్తీస్‌గఢ్ మొదలు. కానీ సంతలో తెలుగు ఆగదు. అక్కడి దోర్లా ఆదివాసులు ఇంట్లో కోయ మాట్లాడతారు, బజార్లో తెలుగు మాట్లాడతారు. ఇంకాస్త పైకి పోతే మాడియాలు, మురియాలు, ధుర్వాలు, హల్బాలు, భత్రాలు. వీళ్లలో ఎవరికీ ఆ జాబితాలో సొంత వరస లేదు. లేకపోతే ఏం కొంప మునిగింది అనిపించవచ్చు. మొన్నటిదాకా నిజంగానే ఏమీ మునగలేదు. మానసిక వ్యాధుల జన్యుశాస్త్రం ఇప్పుడు ఒక మలుపు తిరిగింది గనక ఆ ఖాళీ గురించి మాట్లాడుకోవాల్సి వస్తోంది.

ఆ మలుపు, వద్దన్నా వచ్చే ఆలోచనలు, మళ్లీ మళ్లీ చేసే పనులతో వేధించే ఓసీడీ విషయంలో 2025 మేలో వచ్చింది. నోరా స్ట్రోమ్, మాన్యుయెల్ మాథైసెన్ తదితరులు ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రచురించిన అధ్యయనంలో 53,660 మంది ఓసీడీ ఉన్నవాళ్ల డీఎన్‌ఏను, జబ్బు లేని 20 లక్షలకు పైబడిన జనం డీఎన్‌ఏతో పోల్చారు. జన్యుపటంలో 30 చోట్ల తేడా స్పష్టంగా తేలింది. ఆ చోట్లలో అసలు పని చేస్తున్నవిగా 25 జన్యువుల మీద గట్టి అనుమానం పడింది. దీని విలువ తెలియాలంటే పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి. జీనోమ్ మొత్తాన్ని జల్లెడ పట్టిన తొలి ఓసీడీ అధ్యయనం 2013 నాటిది. అందులో రోగులు 1,465 మంది. దాదాపు ఏమీ తేలలేదు. అంతకుముందు ఇంకో పద్ధతి నడిచింది. సెరటోనిన్‌కో డోపమైన్‌కో సంబంధించిన ఒకటి రెండు జన్యువుల మీద ముందే గురిపెట్టి, వందా రెండొందల మంది రోగుల్లో వాటిని వెతకడం. ప్రపంచమంతా చేసింది, బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ చేశారు. ఒకచోట దొరికింది ఇంకోచోట దొరికేది కాదు. వెతికేవాళ్ల తెలివిలో లోపం లేదు. ఒక్కో జన్యుభేదం చూపించే ప్రభావం మరీ చిన్నది కావడంతో, వేల మందిని కాదు, లక్షల మందిని పక్కపక్కన పెడితే తప్ప అది కంటికి ఆనదు.

ఎంత చిన్నదంటే, ఓసీడీ వారసత్వంలో జీనోమ్ వ్యాప్త పద్ధతికి అందే భాగాన్ని చాలావరకు వివరించడానికి సుమారు 11,500 జన్యుభేదాలు కావాలని ఆ అధ్యయనమే అంచనా వేసింది. ఇవన్నీ కలిపినా జబ్బు వచ్చే అవకాశంలో మనుషుల మధ్య తేడాలకు 6.7 శాతమే లెక్క చెప్పగలవు. కవలల మీద జరిగిన అధ్యయనాలు మాత్రం వారసత్వం వాటా 40 నుంచి 50 శాతం దాకా ఉంటుందని, చిన్నతనంలో మొదలైన జబ్బులో ఇంకా ఎక్కువని చెబుతున్నాయి. ఈ రెండు అంకెల మధ్య దూరంలో అరుదైన జన్యుమార్పులు ఉండవచ్చు. 2021లో 1,313 మంది రోగుల ఎక్సోమ్‌లు (ప్రోటీన్లు తయారుచేసే డీఎన్‌ఏ భాగాలు) చదివినప్పుడు ఎస్‌ఎల్‌ఐటీఆర్‌కే5 అనే జన్యువులో అలాంటి అరుదైన దెబ్బలు కనిపించాయి. పెంపకం, ఇన్ఫెక్షన్లు, బతుకులోని ఒత్తిడి మిగతా వాటా పంచుకుంటాయి. ‘ఓసీడీ జన్యువు దొరికింది’ అని పేపర్లో ఎప్పుడైనా శీర్షిక కనిపిస్తే, నిశ్చింతగా పేజీ తిప్పేయవచ్చు. అలాంటిది ఒకటి ఉండదు.

మరి దీనివల్ల తెలిసిందేమిటి? ఓసీడీ ఒంటరి జబ్బు కాదని తెలిసింది. ఆందోళన, కుంగుబాటు, తిండి మానేసే అనొరెక్సియా, ఒళ్లూ గొంతూ తమ ప్రమేయం లేకుండా కదిలే టురెట్ సిండ్రోమ్, వీటన్నిటితో దానికి జన్యువుల్లో చుట్టరికం ఉంది. మెదడులో హిప్పోక్యాంపస్, స్ట్రయాటం వంటి ప్రాంతాల్లోని కొన్ని రకాల కణాల వైపు ఈ అధ్యయనం వేలు చూపిస్తోంది. మందుల కంపెనీలకు, కొత్త చికిత్సలు వెతికేవాళ్లకు ఇది పెద్ద ఆధారం. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. చేయి కడుక్కుని కడుక్కుని తోలు ఊడిపోయిన మనిషిని ‘చాదస్తం, నాలుగు తగిలిస్తే పోతుంది’ అనేవాళ్లకు జవాబు చెప్పడానికి కాస్త బలం వచ్చింది.

ఇక్కడ చిన్న మెలిక. ఆ 53,660 మందీ యూరప్ సంతతివాళ్లే.

ఇది పరిశోధకులు దాచిన సంగతి కాదు, వాళ్లే చెప్పుకున్న లోటు. ఈ లోటు ఎంత ఖరీదైనదో 2019లో అలీషియా మార్టిన్ బృందం లెక్కగట్టింది. అప్పటికి ప్రపంచంలో జరిగిన జీనోమ్ వ్యాప్త అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 79 శాతం యూరప్ సంతతివారు. వాళ్ల డీఎన్‌ఏ నుంచి తయారుచేసిన ‘ముప్పు మార్కులు’ దక్షిణాసియావాళ్ల మీద వాడితే కచ్చితత్వం 37 శాతం పడిపోయింది. ఆఫ్రికా సంతతి మీద 78 శాతం. లాటిన్ అమెరికా ఈ లోటు పూడ్చడానికి పూనుకుంది. అక్కడివాళ్లలో ఐదు వేల మంది ఓసీడీ రోగుల డీఎన్‌ఏ సేకరించాలని లాటినో అనే ప్రాజెక్టు నడుస్తోంది. మన దగ్గర నిమ్హాన్స్ ఓసీడీ క్లినిక్‌కు డాక్టర్ వై.సి. జనార్దన్ రెడ్డి వంటివారి నేతృత్వంలో దశాబ్దాల అనుభవం ఉంది. నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి ఒకరికి మించి జబ్బుపడిన కుటుంబాలను ఏళ్ల తరబడి వెంబడించి చూసే కార్యక్రమం చేపట్టాయి. స్కిజోఫ్రీనియా, బైపోలార్, మద్య వ్యసనం, మతిమరుపులతో పాటు ఓసీడీ కూడా అందులో ఉంది. ఆ మనుషుల కణాల నుంచి మూలకణాలు తీసి, ప్రయోగశాలలో నాడీకణాలుగా పెంచి చూస్తున్నారు. మంచి పని. ఎటొచ్చీ ఆ కుటుంబాలు బెంగళూరు ఆస్పత్రి గుమ్మం దాకా రాగలిగినవి.

అసలు ప్రశ్న అక్కడే ఉంది. జన్యు అధ్యయనంలో ‘రోగి’గా లెక్కకు రావాలంటే ముందు ఎవరో ఒకరు మనల్ని రోగి అని రాసి ఉండాలి. 2025 అధ్యయనంలోని రోగులు 28 సమూహాల నుంచి వచ్చారు. కొందరు క్లినిక్‌లలో నిర్ధారణ అయినవాళ్లు. కొందరి జబ్బు ఆస్పత్రుల కంప్యూటర్ రికార్డుల్లో ఉంది. మరికొందరు డబ్బు కట్టి, ఉమ్ము గొట్టంలో పట్టి అమెరికా కంపెనీకి పోస్టులో పంపి, ‘నాకు ఓసీడీ ఉందని డాక్టరు చెప్పారు’ అని ఫారంలో గీటు పెట్టినవాళ్లు. ఇలా కాకుండా లెక్కలోకి వచ్చే దారి లేదు.

ఇప్పుడు కోంటా ఉన్న బస్తర్ ప్రాంతం లెక్క వేద్దాం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో 34,802 మంది పెద్దలను కలిసింది. ఛత్తీస్‌గఢ్ ఆ పన్నెండులో ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. దేశం మొత్తమ్మీద ఓసీడీ నూటికి 0.8 అని తేలింది. బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలు: కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్. కేరళంత నేల. 2011 జనగణనలో జనం సుమారు 31 లక్షలు. అందులో పెద్దలు 18 లక్షలనుకుంటే 14 వేల పైచిలుకు మందికి ఓసీడీ ఉండాలి. అడవి పల్లెల్లో నగరాలకన్నా తక్కువ ఉంటుందనుకుని సగానికి సగం కోసేసినా ఏడు వేలు. లాటిన్ అమెరికా అంతా కలిసి వెతుకుతున్నది ఐదు వేల మందినే కదా. అంటే, కాగితం మీద చూస్తే, ఒక్క బస్తర్‌లోనే ప్రపంచ స్థాయి అధ్యయనానికి సరిపడా మనుషులున్నారు. రిజిస్టర్‌లో మాత్రం లేరు.

ఎందుకు లేరో తెలుసుకోవడానికి మ్యాప్ ఒకటి చాలు. రాష్ట్ర మానసిక చికిత్సాలయం బిలాస్‌పూర్ దగ్గర సేంద్రీలో ఉంది. జగ్దల్‌పూర్ నుంచి నాలుగు వందల కిలోమీటర్లు. కోంటా నుంచి ఐదు వందలకు పైమాటే. జగ్దల్‌పూర్‌లో వైద్య కళాశాల ఉంది, రాయ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు తెర మీదే మానసిక వైద్యం నేర్పే కార్యక్రమాన్ని నిమ్హాన్స్ సాయంతో ఛత్తీస్‌గఢ్ నడిపింది. అది మెచ్చుకోవాల్సిన ప్రయత్నం, చాలా పెద్ద రాష్ట్రాలకు లేని ఆలోచన. 2022 అక్టోబరులో టెలీ మానస్ 14416 నంబరు వచ్చింది. సిగ్నల్ ఉన్నచోట అదీ ఉంది. అయితే ఇవన్నీ ‘నాకు ఈ బాధ ఉంది’ అని నోరు విప్పినవాళ్లకు పనికొచ్చేవి. ఓసీడీ స్వభావమే నోరు కట్టేయడం.

మన తెలుగు ప్రేక్షకుడికి ఓసీడీ అంటే 2017 నాటి ‘మహానుభావుడు’ సినిమాలో శర్వానంద్. సబ్బు, శానిటైజరు, వంకర లేకుండా సర్దిన వస్తువులు, కాసిని నవ్వులు. ఆ బొమ్మ పట్టుకుని బస్తర్ పల్లెలో వెతికితే ఒక్కరూ దొరకరు. చేతిపంపు నుంచి బిందె మోసుకొచ్చే ఇంట్లో రోజుకు నలభై సార్లు చేతులు కడగడం కుదిరే పని కాదు. జబ్బు లేదని కాదు, దానికి వేరే రూపు ఉంటుంది. తలుపు గడియ, లెక్క, మళ్లీ మళ్లీ అడగడం, మనసులోనే జరిగే ప్రాయశ్చిత్తం. ఇందులో అన్నిటికన్నా భయంకరమైనది బయటికి ఒక్క కదలికా లేని రకం. పాలిచ్చే తల్లికి ‘ఈ పాప పీక నొక్కేస్తానేమో’ అన్న ఆలోచన పదే పదే వస్తుంది. ఆమె ఎన్నటికీ ఆ పని చేయదు. చేస్తానేమోనన్న భయంతోనే చచ్చిపోతుంటుంది. కత్తిపీట దాచేస్తుంది, పాపను అత్తకిచ్చి దూరంగా పడుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఉన్న మామూలు ఓసీడీ లక్షణమిది, విజయవాడలోనూ వస్తుంది, వియన్నాలోనూ వస్తుంది. కానీ టోన్హీ, అంటే మంత్రగత్తె అన్న నింద పడితే ప్రాణం పోయే నేల మీద, ఆ నిందల హింసను ఆపడానికి 2005లో ప్రత్యేక చట్టమే చేసుకోవాల్సి వచ్చిన రాష్ట్రంలో, ఆ తల్లి ఈ ఆలోచనను ఎవరికి చెబుతుంది? డాక్టరు గదిలో దుబాసీగా కూర్చున్న పక్కూరి మనిషి ముందు చెబుతుందా?

ఓసీడీ తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతా వాడేది యేల్-బ్రౌన్ కొలమానం. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా, మొత్తం నలభై మార్కులు. మొదటి ప్రశ్నే చూడండి: ఈ ఆలోచనలకు రోజులో ఎంత సమయం పోతోంది? గంటలోపా, మూడు గంటలా, ఎనిమిది గంటలు మించా? ఇప్పపూల కాలంలో తెల్లవారకముందే అడవికి పోయి, పూలు ఏరి, ఎండబెట్టి, సంతకు మోసే మనిషి తన రోజును గంటల్లో కోసి చెప్పదు. ‘పూలు ఏరడం మధ్యలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి చూసుకున్నావు’ అని అడిగితే చెబుతుంది. అలా అడగాలంటే గోండి రావాలి, హల్బీ రావాలి, ఇప్పపూల పని తెలియాలి. ఇంకో తిప్పలుంది. ఫలానా పని మళ్లీ మళ్లీ చేయడం ఊళ్లో అందరూ దేవుడి కోసం చేసేదా, ఈ మనిషి ఒక్కతే ఒంటరిగా పడుతున్న యాతనా? బస్తర్ దసరా 75 రోజులు సాగుతుంది. కాఛిన్ దేవి పూనిన ఆడపిల్ల ముళ్ల ఉయ్యాల మీంచి అనుమతి ఇస్తేనే అందులో ప్రధాన వేడుకలు మొదలవుతాయి. అది జబ్బు కాదు, ఊరి వ్యవస్థ. ఈ తేడా పట్టగలవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. దేవుడు పూనే సిర్హా, వైద్యం చేసే గునియా. తమ దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవరికి పూనకం, ఎవరికి ఇంకేదో అన్నది వాళ్లకు కొంత తెలుసు. వాళ్లను మూఢనమ్మకాల ఖాతాలో వేసేసి ముందుకుపోయే సర్వే తప్పుడు లెక్కలే తెస్తుంది. లెక్క తప్పితే, దాని వెనకాల ఎన్ని కోట్ల డీఎన్‌ఏ యంత్రాలు పెట్టినా జవాబు తప్పుగానే వస్తుంది.

ఇక్కడ ఒక ఆశను కూడా కాస్త తగ్గించాలి. భారతదేశంలో తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సముదాయాలు జన్యు పరిశోధనకు బంగారు గని అన్న మాట ఈ పదేళ్లలో బాగా వినిపిస్తోంది. దానికి ఆధారం ఉంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో చూపించిన ప్రకారం, పరిశీలించిన 263 దక్షిణాసియా సముదాయాల్లో 81 సముదాయాలు ఫిన్‌లాండ్‌వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఇరుకైన గుంపు నుంచి పుట్టుకొచ్చాయి. మనకు బాగా తెలిసిన ఉదాహరణ తెలుగు వైశ్యులు. వాళ్లలో బ్యుటైరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతా జనంకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక మందు వాళ్లలో కొందరికి ప్రమాదం. అందుకే మన మత్తు డాక్టర్లు వైశ్యులా అని ముందే కనుక్కుంటారు. ఒక జన్యువు, ఒక మందు, ఒక ప్రశ్న. అంత తేలికగా పనికొచ్చే జన్యుశాస్త్రం ఇది.

ఓసీడీ అలాంటిది కాదు. పదకొండు వేల చిన్న చిన్న తేడాలు కలిసి తెచ్చే జబ్బుకు, ఒక చిన్న తెగను పట్టుకుని పరిశోధిస్తే మంత్రంలాంటి జవాబు రాదు. మేనరికాలు నడిచే కుటుంబాల్లో ఎక్కడైనా అరుదైన, బలమైన మార్పు ఒకటి దొరకవచ్చు. దొరికితే అది విలువైనదే. కానీ ‘అడవిలో కల్తీ లేని నెత్తురు ఉంది, పోయి తెచ్చుకుందాం’ అనే ఉత్సాహానికి శాస్త్రంలో పునాది తక్కువ. ఆ మాటకొస్తే గోండులు ‘కల్తీ లేనివాళ్లు’ అన్నదీ ఊహే. 2017లోనే గ్యానేశ్వర్ చౌబే, తంగరాజ్ తదితరుల అధ్యయనం గోండుల జన్యువులు దక్షిణాది ద్రావిడ భాషలవాళ్లకన్నా ముండా భాషలవాళ్లకే దగ్గరని చూపించింది. భాష ఒక దారిలో, నెత్తురు ఒక దారిలో వచ్చాయి. అందుకని బ్రిటన్ తెలుగువాళ్ల 102 జన్యుపటాలు పెట్టుకుని గోండు తెగైన మాడియాల సంగతి అంచనా వేద్దామన్నా కుదరదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2020లో మొదలుపెట్టిన జీనోమ్ ఇండియా 83 సముదాయాల నుంచి పదివేల మంది జన్యుపటాలు తయారుచేసింది. అందులో గిరిజన సముదాయాలూ ఉన్నాయి. 2025 జనవరి నుంచి ఆ సమాచారం పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఆరోగ్యవంతుల పటం అది. జబ్బుపడ్డవాళ్ల పటం ఇంకా గీయాలి.

గీయకపోతే నష్టమే. ‘ఆదివాసుల జోలికి పోవద్దు’ అని చేతులు దులుపుకోవడం పైకి దయలా కనిపిస్తుంది గానీ, రేపు జన్యువుల ఆధారంగా మందులూ పరీక్షలూ వచ్చినప్పుడు అవి వాళ్లకు పనిచేయకుండా ఇవాళే ఖాయం చేయడం అది. అలాగని సూది పట్టుకుని ఊరి మీద పడితే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు.

ఒకటి అమెరికాది. గ్రాండ్ కేన్యన్ అడుగున ఉండే హవాసుపాయి ఆదివాసులకు మధుమేహం ఎక్కువ. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ జబ్బు పేరుతో వాళ్ల నెత్తురు తీసుకున్నారు. తర్వాత అదే నెత్తురును స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి చుట్టాల పెళ్లిళ్ల మీద, ఆ తెగ ఎక్కడి నుంచి వలసొచ్చిందన్న దాని మీద పరిశోధనలకు వాడారు. తెగవాళ్లు కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నమూనాలు వాపసు చేసింది. గమనించాల్సింది ఏమిటంటే వాళ్లకు కోపం తెప్పించిన పరిశోధనల్లో మానసిక వ్యాధి ఒకటి. షుగరు ఉందని ఊరంతటికీ తెలిసినా ఫరవాలేదు, పిచ్చి వంశం అని పేరు పడటం వేరు.

రెండోది మన ఇంటి పక్కదే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం సహా మూడు మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొన్ని మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తేలింది ఇంకొకటి. తల్లిదండ్రులు ఇవ్వాల్సిన అంగీకారాన్ని వేల ఫారాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేసి ఇచ్చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. నాకు ఇక్కడ కనిపించేది, అనుమతి అడగడానికి సర్కారుకు వార్డెనే దగ్గరగా దొరికాడు, అమ్మానాన్న దొరకలేదు. కోంటా నుంచి భద్రాచలం ఎంత దూరమో, ఆ అలవాటు అక్కడికి పాకడానికీ అంతే దూరం.

బస్తర్‌కు ఇంకో పాత గాయం కూడా ఉంది. 1943లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ‘మరియా మర్డర్ అండ్ సూసైడ్’ రాశాడు. వంద హత్య కేసుల కాగితాలు తిరగేశాడు. మాడియాలు పుట్టుకతోనే హంతకులా అన్న ప్రశ్న అప్పటి అధికారుల నోళ్లలో నానుతున్న కాలం. ఎల్విన్ కనుగొన్న కారణాలు మాత్రం తాగుడు, తగాదాలు, మంత్రాల అనుమానాలు, కుటుంబ కలహాలు. మనవైపు అంతకుముందే, 1911 నేరస్థ తెగల చట్టం దొంగతనాన్ని రక్తంలో ఉన్న గుణంగా కాగితం మీద రాసేసింది. స్టువర్టుపురం ఆ రాత ఫలితమే. జన్యువుల పేరుతో ఒక తెగకు ఒక గుణం అంటగట్టడం ఎంత సులువో, దాన్ని కడుక్కోవడం ఎంత కష్టమో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో 2008 నుంచి జన్యువుల ఆధారంగా ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో వివక్ష చూపకుండా చట్టం ఉంది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

సూదితో జన్యుశాస్త్రం ఇప్పటికే బస్తర్‌కు వచ్చేసిన మాట మరచిపోకూడదు. 2023 జులై 1న షహడోల్‌లో ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 17 రాష్ట్రాల్లో, నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. పరీక్ష చేసినవాళ్లకు వాళ్ల జన్యుస్థితి రాసిన కార్డులిస్తున్నారు. పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోండి అన్నది ఉద్దేశం. సికిల్ సెల్ ఒక్క జన్యువు జబ్బు గనక ఆ సలహాకు అర్థముంది. అక్కడ కూడా జాగ్రత్త కావాలి. గ్రీసులో ఓర్ఖోమెనోస్ అనే ఊళ్లో ఇలాంటి పరీక్షలే చేస్తే, జబ్బు లేని, కేవలం ఆ జన్యువు మోసేవాళ్లను సంబంధాలకు దూరం పెట్టారు. చాలామంది నిజం దాచారు. ఓసీడీకైతే కార్డు అన్న ఆలోచనే తప్పు. అయినా పరీక్ష, కార్డు, సలహా అన్న మూడింటికీ ఊళ్లు అలవాటు పడుతున్న కాలంలో, ఇంకో బృందం వచ్చి ‘మెదడు జన్యువుల’ కోసం నెత్తురు అడిగితే రెండింటికీ తేడా ఎవరు విడమర్చి చెబుతారు?

చెప్పగలవాళ్లు ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ 2002లోనే మితానిన్‌లనే ఊరి ఆరోగ్య కార్యకర్తలను తయారుచేసుకుంది. దేశానికి ఆశా కార్యకర్తలు రాకముందే అక్కడ ప్రతి పాడాకూ, అంటే ప్రతి వాడకూ, ఒక మితానిన్ ఉంది. ఊరి భాష ఆమె భాష. ఎవరింట్లో ఎవరు నిద్రపోవడం లేదో ఆమెకు తెలుసు. బస్తర్‌లో ఓసీడీ జన్యు అధ్యయనం ఎవరైనా చేస్తామంటే నాకు తోచిన క్రమం ఇది. మొదటి రెండేళ్లు సూది ముట్టకూడదు. యేల్-బ్రౌన్ ప్రశ్నలను గోండి, హల్బీ, దోర్లీ మాటల్లో తిరగరాయాలి. అనువాదం సరిపోదు, ఇప్పపూల కాలంతో సహా మళ్లీ తయారుచేయాలి. మితానిన్‌లకు నేర్పాలి. తల్లి చెప్పిన మాట టోన్హీ నిందగా మారకుండా దాచడం ఆ శిక్షణలో మొదటి పాఠం కావాలి. జబ్బు ఉందని తేలినవాళ్లందరికీ మందు ఇవ్వాలి. ఫ్లూఆక్సెటిన్ పాత మందు, చవక మందు, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. ఓసీడీకి కుంగుబాటుకన్నా ఎక్కువ మోతాదు, ఎక్కువ కాలం వాడాలి గనక సరఫరా మధ్యలో తెగిపోకూడదు. భయపడే పనికి కొద్దికొద్దిగా ఎదురు నిలబెట్టి, తంతు చేయకుండా ఓర్చుకోవడం నేర్పే చికిత్సను ఊళ్లో చేయగలిగేవాళ్లను తయారుచేయాలి. ఆ తర్వాతే నెత్తురు సంగతి. అప్పుడు కూడా ఒక్కొక్కరి సంతకం చాలదు. 1996 పెసా చట్టం ఉన్న నేల అది, 2022లో ఛత్తీస్‌గఢ్ దానికి నియమాలూ చేసుకుంది. గ్రామసభ కూర్చుని, నమూనా దేనికి వాడతారు, దేనికి వాడకూడదు, ఎక్కడ ఉంచుతారు, ఎప్పుడు వాపసు అడగవచ్చు అన్నవి తేల్చాలి. తెగ పేరు పెట్టి ఫలితాలు ప్రకటించాలా వద్దా అన్నది కూడా వాళ్లే చెప్పాలి.

ఇలాంటి ప్రతిపాదన రాస్తే నిధులు రావడం కష్టమని నాకు తెలుసు. రెండేళ్ల తర్వాత నివేదికలో చూపించడానికి ఒక్క జన్యువూ ఉండదు. మాత్రలు తీసుకున్నవాళ్ల లెక్క, మాట్లాడినవాళ్ల లెక్క ఉంటాయి. వాటికి ‘నేచర్ జెనెటిక్స్’లో చోటు లేదు. ఆ ఖర్చు రాష్ట్ర ఆరోగ్య శాఖలు పెట్టుకోవాలి. శాఖలు అని బహువచనం ఎందుకంటే, కోంటా మనిషికి జబ్బు చేస్తే సేంద్రీకి పోడు, భద్రాచలం ఏరియా ఆస్పత్రికి వస్తాడు. 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో దాటొచ్చి మన అడవుల్లో గుత్తికోయలన్న పేరుతో ఉంటున్నవాళ్లు ఇంకా ఇటే ఉన్నారు. అటు రిజిస్టర్‌లో ఉండరు, ఇటు రిజిస్టర్‌లో నిలవరు. ఒకే కుటుంబంలో అన్న సుక్మాలో, తమ్ముడు ములుగులో ఉన్నప్పుడు కుటుంబాల మీద చేసే అధ్యయనం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతే సగం వంశవృక్షమే మిగులుతుంది. జగ్దల్‌పూర్ వైద్య కళాశాల, భద్రాచలం, చింతూరు ఆస్పత్రులు ఒకే కేసు కాగితం వాడుకునే ఒప్పందానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.